సంజమ్మా, రానా?

ఎప్పటి మాటో ఎవరూ చెప్పలేరు. మా జేజికి వాళ్ళ జేజి చెప్పింది. ఆమెకు ఎవరు చెప్పారో కొండకే తెలియాలి. అప్పటికి కొండలున్నాయి, వాగులున్నాయి, మనుషులున్నారు. సిగ్గు మాత్రం ఇంకా ఆ పక్కకు రాలేదట. అది ఎట్లా వచ్చిందో చెబుతాను, వినండి.

కొండ కింద దిగువపల్లె అని ఒక ఊరు. ఊరి నడుమ ఒక బండ్ల బాట. బాటకు ఇటుపక్క ఇళ్ళు. అటుపక్క మంచినీళ్ళ బావి, చేలు, మేకల దొడ్లు. నీళ్ళు కావాలంటే బాట దాటాలి. కూలికి పోవాలంటే బాట దాటాలి. మేకపిల్ల తప్పిపోతే బాట దాటాలి. బాట దాటకుండా ఆ ఊళ్ళో ఎవరికీ పొద్దు గడవదు.

ఆ బాటన ఉప్పు బండ్లు వచ్చేవి. సముద్రం పక్కనుంచి ఉప్పు మూటలు వేసుకుని, కొండెక్కి, కనుమ దిగి, వరసగా వచ్చేవి. కనుమ దిగిన ఊపును బండివాళ్ళు తగ్గనిచ్చేవాళ్ళు కాదు. ఎందుకంటే ఊరు దాటగానే వాగు. వాగులో నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. ఊపు మీద పోతే బండి ఇసుకను చీల్చుకుని అవతలి గట్టెక్కుతుంది. ఊళ్ళో ఆగిందా, ఊపు చచ్చిపోతుంది. ఇరుసు దాకా ఇసుకలో దిగబడుతుంది. ఇక మూటలు దింపాలి, ఎద్దులను అదిలించాలి, పొద్దంతా ఏడవాలి. అందుకని అక్కడ అందరి నోటా ఒకటే మాట.

"కనుమ దిగిన బండి ఆగదు."

ముసలివాళ్ళ కాళ్ళు విరిగాయి. కనుమ దిగిన బండి ఆగదు మరి, అన్నారు. నీళ్ళు మోసే ఆడవాళ్ళ కడవలు పగిలాయి, నడుములు విరిగాయి. కనుమ దిగిన బండి ఆగదు మరి, అన్నారు. వాన పడుతుంది, ఎండ కాస్తుంది, బండి తొక్కుతుంది. అంతే అనుకున్నారు. తలుచుకుంటే నాకు వింతగా ఉంటుంది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, పక్కింటివాడి కాలు విరగడానికి కూడా.

ఆ ఊళ్ళో సంజమ్మ అని ఒక ఆడకూతురు ఉండేది. ఆమె ఇల్లు సరిగ్గా బాట అంచున. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు జ్వరం తగిలి పోయాడు. బొట్టు పోయింది, గాజులు పోయాయి. అడవికి పోయి మోదుగాకులు తెచ్చి విస్తరాకులు కుట్టేది. ఊళ్ళో ఏ పెళ్ళయినా, ఏ సీమంతమైనా ఆమె కుట్టిన ఆకుల్లోనే అన్నం తినేవాళ్ళు. ఆ పెళ్ళికి ఆమె మాత్రం పోకూడదు. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే చెడ్డదని వాళ్ళ నమ్మకం. పొద్దున్నే ఎవరి కంటా పడకూడదు. ప్రయాణం పోయేవాళ్ళకు ఎదురు రాకూడదు. కనుమ పైనుంచి ఎద్దుల మెడగంటలు వినిపించగానే ఆమె తలుపు దగ్గరికి వేసుకోవాలి. ఎవరూ రోజూ చెప్పక్కర్లేదు. ఆమే వేసుకునేది.

ఒకనాడు అట్లాగే గంటలు వినిపించాయి. సంజమ్మ తలుపు వేయబోయింది. అప్పుడు చూసింది. కుమ్మరి నారప్ప కూతురు, ఇంకా నడక కుదరని బిడ్డ, తప్పటడుగులు వేసుకుంటూ బాట మీదికి పోతోంది. సంజమ్మ కాలు గడప దాటబోయింది. బండికి ఎదురు రాకూడదు కదా అని గుర్తొచ్చింది. కాలు ఆగింది. ఒక్క గుక్కెడంత సేపు ఆగింది.

ఆ గుక్కెడులో బిడ్డ పోయింది.

ఊళ్ళో అందరూ ఏడ్చారు. కనుమ దిగిన బండి ఆగదు మరి, అన్నారు. సంజమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె సరిగ్గానే చేసింది కదా, ఎదురు రాలేదు కదా! ఆమె మాత్రం ఆకుల కట్ట ముందు కూర్చుని తల ఎత్తలేకపోయింది. ఆ పక్కకు సిగ్గు మొదట వచ్చింది ఆమె ఇంటికే. అందరికంటే తక్కువ తప్పు చేసినదాని ఇంటికే వచ్చింది.

కొన్నాళ్ళు గడిచాయి. ఇంకొకనాడు గంటలు వినిపించాయి. సంజమ్మ తలుపు వేయబోయింది. గొల్లవాళ్ళ నీలి, పాలపళ్ళు ఊడుతున్న పిల్ల, మేకపిల్ల వెంట బాట మీదికి ఉరికింది. ఈసారి సంజమ్మ కాలు ఆగలేదు. గడప దాటింది, తడిక దాటింది, బాట నడుమకు పోయి చేతులు చాపి నిలబడింది.

ముందు బండి మీద ఉన్నది మస్తానయ్య. ఉప్పు బండ్లకు అతనే పెద్ద. నీలిని చూసి ఆగని మస్తానయ్య, బొట్టు లేని ఆ మొహం చూసి పగ్గాలు రెండు చేతులా లాగిపట్టాడు. ఎద్దులు ముందుకాళ్ళ మీద కూలబడినంత పనైంది.

"ఛీ, ఛీ! ఎదురొచ్చెనే! పొద్దున్నే ఏ మొహం చూసినానో!" అన్నాడు. ఇంకా ఏమేమో అన్నాడు, అవి నేను చెప్పను. బండి దిగాడు. చెప్పులు విడిచాడు. ముంతెడు నీళ్ళు తాగి, అపశకునం పోయేదాకా నేల మీద కూర్చున్నాడు.

నీలి మేకపిల్లను చంకనేసుకుని చక్కగా ఇంటికి పోయింది.

సంజమ్మ అట్లాగే నిలబడిపోయింది. ఏనుగును అడ్డం పెట్టినా ఆగదన్న బండి ఆగింది. తన మొహానికి ఆగింది! ఇన్నాళ్ళూ ఏ మొహాన్ని కొంగు కింద దాచుకుందో ఆ మొహానికి ఆగింది. ఆమెకు నవ్వొచ్చిందట. ఏడుపూ వచ్చిందట.

ఆగిన బండి వాగులో దిగబడనే దిగబడింది. పాపం, నా వల్లే కదా అని సంజమ్మ పరుగున పోయి చక్రానికి చెయ్యి వేయబోయింది.

"తాకొద్దు! ఎదురొచ్చింది చాలక, తాకుతావా?" అని అరిచాడు మస్తానయ్య.

ఊళ్ళో మగవాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. వచ్చి ఒక చెయ్యి వేద్దామని ఒక్కరికీ తోచలేదు.

ఆనాటినుంచి గంటలు వినిపిస్తే సంజమ్మ తలుపు మూయలేదు, తీసింది. బాట మీద ఎవరూ లేకపోతే లోపలే కూర్చునేది. ఎవరైనా ఉంటే మాత్రం బయటికొచ్చి మొహం చూపించేది. బండి ఆగేది. తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళు. దాటేవాళ్ళు దాటేవాళ్ళు.

అయితే సంజమ్మ తెలివిగలది. నేనేమన్నా చిరంజీవినా, ఎన్నాళ్ళని నిలబడతాను, వీళ్ళకే దాటడం వస్తే సరిపోతుంది కదా అనుకుంది. నేర్పాలనుకుంది. ఎదురొస్తేనే చెడ్డదైన మనిషి దగ్గర ఎవరు నేర్చుకుంటారు? మొదట వచ్చింది పిల్లలు. వాళ్ళకింకా ఎవరూ చెప్పలేదు కదా, ఆమె చెడ్డదని.

మోదుగాకులు ఏరుతామని వచ్చిన పిల్లలను బాట అంచున నిలబెట్టి ఆట పెట్టింది.

"ఆగు, ఆలకించు, అటు చూడు, ఇటు చూడు, అప్పుడు అడుగెయ్యి! చెప్పండి చూద్దాం."

"ఆగు, ఆలకించు, అటు చూడు, ఇటు చూడు, అప్పుడు అడుగెయ్యి!"

"గంటలు వినపడితే?"

"అడుగెయ్యకూడదు!"

"బండి ఇంకా దూరంలో ఉంటే?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఉరికితే దాటేస్తాం అత్తా," అంది నీలి.

"దూరమని నీకు తెలుసు. నీకు కాలు జారుతుందని బండికి తెలుసా?"

నీలి ఆలోచించింది. "బండికేం తెలుస్తుంది? దానికి బుర్ర లేదు."

"మరి బుర్ర ఉన్నవాళ్ళు ఎవరు?"

"మేము!"

"అయితే ఆగాల్సింది ఎవరు?"

పిల్లలంతా నవ్వారు. ఆ మాట వాళ్ళకు ఆటగా పట్టింది. అడుగు తప్పినవాడు బయటికి పోవాలి, ఆగినవాడు గెలవాలి. ఊళ్ళో ఆటలన్నిట్లో ఉరికినవాడు గెలుస్తాడు, ఆ ఒక్క ఆటలో మాత్రం ఆగినవాడు గెలుస్తాడు.

పిల్లల తర్వాత ఆడవాళ్ళు. వాళ్ళ చిక్కు వేరు. తల మీద కడవ మీద కడవ. మెడ తిప్పితే కడవ దొర్లుతుంది. అందుకని ముందుకే చూస్తూ, బాటను దేవుడికొదిలేసి దాటేవాళ్ళు. వాళ్ళతో ఎదురుగా మాట్లాడటానికి సంజమ్మకు మొహం చెల్లలేదు. పొద్దున్నే ఆమె మొహం చూస్తే నొచ్చుకుంటారు. అందుకని తడిక వెనక నిలబడి మాట మాత్రం పంపేది.

"అక్కా, మెడ తిప్పొద్దు. మనిషే తిరుగు. కొండ పక్కకు ఒకసారి, వాగు పక్కకు ఒకసారి."

ఆడవాళ్ళలో పుల్లక్కది పెద్ద నోరు. ఆమె నిలబడి, "ఏందే సంజమ్మా, మమ్మల్ని తిరగలి రాయి మాదిరి తిరగమంటావా? బాట మీద పిండి రాలుతుంది చూడు!" అంది.

అందరూ కిసుక్కున నవ్వారు.

"పిండి రాలితే ఎత్తుకోవచ్చక్కా. నువ్వు రాలితే మేం ఎత్తుకోలేం. నువ్వేమన్నా సన్నమా?" అంది తడిక.

ఈసారి ఆడవాళ్ళు కడవలు పట్టుకుని మరీ నవ్వారు. పుల్లక్క మూతి ముడుచుకుంది. ముడుచుకునే తిరిగింది, కొండ పక్కకు ఒకసారి, వాగు పక్కకు ఒకసారి. వెనకవాళ్ళూ తిరిగారు. సంజమ్మ చెప్పిందని కాదంట, ఊరికే తిరిగారంట! మాట తీసుకున్నారు, మనిషిని తీసుకోలేదు. ఎంత చోద్యమో చూడండి.

ఇక మిగిలింది ముసలివాళ్ళు. కదిరప్ప తాత అని ఒకాయన. చెవులు వినపడవు, మాట వినడు.

"ఈ బాట నా కళ్ళ ముందు పడింది. ఎద్దులు నా కళ్ళ ముందు పుట్టినాయి. నేను ఆగేదేంది? అవే ఆగాల!" అని కర్ర ఊపుకుంటూ దాటేవాడు.

సంజమ్మ అతనికి ఏమీ చెప్పలేదు. ఆట నేర్చిన నీలిని పట్టుకొచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, గట్టిగా అరిచింది. "తాతా! ఈ బిడ్డకు బాట దాటను భయమంట! నీ అంత ధైర్యం ఎవరికుంది? రోజూ చెయ్యి పట్టుకుని దాటించవా?"

"భయమా? రావే, నేనుండగా భయమేంది?" అన్నాడు తాత.

అదే నీలి చెవిలో ఏం చెప్పింది? "తాతకు వినపడదమ్మా. నీ చెవులు తాతకు కొంచెం ఇయ్యి. నువ్వు ఆగితే తాత ఆగుతాడు."

ఆనాటినుంచి పిల్లను దాటిస్తున్నానని తాత, తాతను దాటిస్తున్నానని పిల్ల, ఇద్దరూ బాట అంచున బుద్ధిగా ఆగేవాళ్ళు. వాళ్ళను చూసి మిగతా ముసలివాళ్ళూ ఒక్కొక్క పిల్లను పట్టుకున్నారు. ముసలివాళ్ళ పరువు నిలబడింది, కాళ్ళూ నిలబడ్డాయి.

ఇదంతా బాగానే ఉంది. బండివాళ్ళకు మాత్రం బాగాలేదు. ఊళ్ళో ఆగడం, వాగులో దిగబడటం, మూటలు తడవడం. మస్తానయ్య ఊరి పెద్దకాపు ఓబన్న దగ్గరికి పోయాడు.

ఓబన్న మంచి మనిషేనంట. పరువు మనిషి. కిర్రుచెప్పులు వేసుకుని నడిచేవాడు. ఆయన వీధి మొదట్లో ఉంటే ఆ కిర్రు వీధి చివరికి వినిపించేది.

మస్తానయ్య ఒకసారి చెప్పి చూశాడు. ఓబన్న సంజమ్మను పిలిపించి కసిరాడు. రెండోసారి మస్తానయ్య బెదిరించాడు. ఓబన్న మళ్ళీ కసిరాడు. మూడోసారి బండ్లు వాగు అవతల ఆగకుండా, ఊరివాళ్ళకు ఉప్పు కొలవకుండా నేరుగా పోయాయి. ఉప్పు లేని సంగటి, ఉప్పు లేని పులుసు. ఊరంతా నాలుకలు చప్పబడి ఓబన్న అరుగు ముందు చేరింది. సంజమ్మ దూరంగా పందిరి గుంజ వెనక నిలబడింది.

"ఏమ్మా, నీకు చెప్పింది చెవికెక్కలేదా?" అన్నాడు ఓబన్న.

"ఎక్కింది సామీ. అందరికీ దాటను వస్తే నేనే తలుపేసుకుంటా."

"అందరికీ ఎప్పుడొస్తుంది?"

"బిడ్డలకు వచ్చింది. అక్కలకు వచ్చింది. తాతలకు వస్తా ఉంది."

"ఇంకెవరు మిగిలినారు?"

సంజమ్మ ఆయన కిర్రుచెప్పుల వైపు చూసింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. తల దించుకుని ఇంటికి పోయింది.

ఆమె పోయాక ఓబన్న ఆలోచించాడు. ఆడకూతుర్ని ఊరు వెళ్ళగొడితే పాపం. ఉప్పు రాకపోతే కష్టం. ఆలోచించి, ఆలోచించి, మనిషి ఉండొచ్చు, ఆమె ఎదురు తగలకుండా చేస్తే చాలు అన్నాడు. నిమ్మకాయలు, మిరపకాయలు, బొగ్గు ముక్కలు దారానికి గుచ్చి ప్రతి బండి కాడికీ కట్టాలి. దిష్టి పోతుంది, ఎదురు తగలదు, బండి ఆగక్కర్లేదు. అందరికీ నచ్చింది. మస్తానయ్యకూ నచ్చింది. ఆహా, పెద్దకాపు బుర్రే బుర్ర అన్నారు.

ఊరంతా వాగు అవతలికి పోయి దండలు గుచ్చింది. పిల్లలు నిమ్మకాయలు కోసుకొచ్చారు, ఎందుకో తెలియకుండానే. పుల్లక్క గుచ్చింది. కదిరప్ప తాత దారం పేనాడు. బిడ్డను పోగొట్టుకున్న కుమ్మరి నారప్ప కూడా ఒక దండ కట్టాడు. కట్టేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదట.

ఉప్పు వచ్చింది. పులుసు రుచిగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఒక్కొక్కరికీ. సంజమ్మకు ఎవరు చెబుతారు? నీ మొహానికి ఇక బండి ఆగదమ్మా, బయటికి రావద్దమ్మా అని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మొదట పుల్లక్క పోయింది. తడిక ఇవతల నిలబడింది.

"సంజమ్మా!"

"ఏమక్కా?"

అంత పెద్ద నోరూ ఎండిపోయింది. "ఏంలేదులే. ఇస్తరాకులు ఉండాయా?"

"ఉండాయక్కా. ఏం పండగ?"

పండగ లేదు, పబ్బం లేదు. ఆకుల కట్ట చంకన పెట్టుకుని వచ్చేసింది.

తర్వాత కదిరప్ప తాత పోయాడు. "ఏమ్మా, వానొచ్చేట్టుందా?" అన్నాడు.

"మబ్బే లేదు కదా తాతా!" అని అరిచింది సంజమ్మ.

"అవునవును, మబ్బు లేదు," అని వచ్చేశాడు. ఆ ఒక్కసారి మాత్రం ఆయనకు బాగా వినిపించిందట.

చివరికి నారప్ప పోయాడు. చక్కగా కాల్చిన కొత్త కుండ ఒకటి పట్టుకుపోయాడు. గడప ముందు పెట్టాడు. నిలబడ్డాడు. నిలబడ్డాడు. ఏమీ అనకుండా తిరిగొచ్చాడు. సంజమ్మ ఆ కుండను చూసి పొంగిపోయింది. నారప్పన్నకు నా మీద కోపం పోయింది అనుకుంది. కుండను కడిగి, ముగ్గు పెట్టి, మూలన పెట్టుకుంది.

చెప్పాలని ముగ్గురు పోయారు. ముగ్గురికీ సిగ్గేసింది. చేసేటప్పుడు రాని సిగ్గు చెప్పేటప్పుడు వచ్చింది.

మరికొన్నాళ్ళకు, ఒక పొద్దున, కనుమ మీద గంటలు మోగాయి. నీలి, కదిరప్ప తాత చెయ్యి చెయ్యి పట్టుకుని బాట అంచున ఆగారు. కడవల ఆడవాళ్ళు తిరిగి చూసి ఆగారు. ఎవరూ బాట మీద లేరు. ఒక్కరు తప్ప.

పెద్దకాపు ఓబన్న చేనికి పోతున్నాడు. కిర్రు, కిర్రు, కిర్రు. ఆ చప్పుడులో ఆయనకు గంటలు వినపడలేదు. బాట నడుమన నిలబడి, అవతల పనివాడిని కేకలేస్తున్నాడు.

"ఆగు! ఆలకించు!" అని పిల్లలు అరిచారు. పెద్దకాపుకు పిల్లలు చెప్పడమా? ఆయన తల కూడా తిప్పలేదు.

సంజమ్మ వచ్చింది. గడప దాటింది, తడిక దాటింది, బాట నడుమకు పోయి చేతులు చాపి నిలబడింది. కొంగు తీసేసి మొహం బాగా కనిపించేటట్టు పైకెత్తింది.

మస్తానయ్య చూశాడు. అలవాటుగా చెయ్యి పగ్గాల మీదికి పోయింది. కాడికి కట్టిన నిమ్మకాయలు ఊగాయి. చెయ్యి మళ్ళీ వదులైంది.

బండి ఆగలేదు.

సంజమ్మ ఎద్దుల వంక వింతగా చూసిందట. ఏదో అర్థం కానట్టు చూసిందట. తిరిగి, ఏనాడూ ఎదురు కూడా పోని ఆ పెద్దకాపును రెండు చేతులతో తోసింది. ఆయన పోయి తుప్పల్లో పడ్డాడు. ఒక చెప్పు ఎగిరిపోయింది.

బండ్లు వాగు దాటి, గట్టెక్కి, అప్పుడు ఆగాయి.

ఊరంతా చుట్టూ చేరింది. అప్పటిదాకా ఎవరూ సూటిగా చూడని ఆ మొహాన్ని అప్పుడు అందరూ చూశారు. నారప్ప ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాడు. ఓబన్న దుమ్ములోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నీకు దాటను నేర్పలేదు సామీ. పెద్దోళ్ళకు చెప్పాలంటే సిగ్గేసింది," అంది సంజమ్మ.



ఆమె కళ్ళు ఒకసారి వాగు వైపు పోయాయి. "ఎద్దుల కాడికి ఏందో కట్టుండారే. నిమ్మకాయలా? ఎవురు కట్టినారు?"

కోపంగా కాదు. తెలియక అడిగింది. పిల్లలు చందమామను అడిగినట్టు అడిగింది.

ఓబన్న తల దించుకున్నాడు. పుల్లక్క తల దించుకుంది. కదిరప్ప తాత, నారప్ప, పరిగెత్తుకొచ్చిన మస్తానయ్య, అందరూ తలలు దించుకున్నారు. సంజమ్మ ఒక్కొక్కరి వంకా చూసింది. ఎవరో ఒకరు చెబుతారని చూసింది. అట్లా బదులు కోసం చూస్తూ చూస్తూనే పోయింది.

ఆ పొద్దు ఊళ్ళో పొయ్యి వెలగలేదు. మర్నాడు మస్తానయ్య కాడికి కట్టిన దండ తెంపి వాగులో పారేశాడు. మిగతా బండ్లవాళ్ళూ తెంపారు. ఓబన్న కిర్రుచెప్పులు మళ్ళీ వేసుకోలేదు.

తర్వాతి వరస బండ్లు వచ్చినప్పుడు మస్తానయ్య కనుమ మొదట్లోనే బండి దిగి, ఎద్దుల ముక్కుతాడు పట్టుకుని ఊళ్ళో నడిపించాడు. బండి మెల్లగా పోయింది. ఊపు చచ్చిపోయింది. వాగులో దిగబడింది. అప్పుడు ఓబన్న పంచె ఎగ్గట్టి ఇసుకలోకి దిగి చక్రానికి భుజం పెట్టాడు. వెనక నారప్ప పెట్టాడు. ఊళ్ళో మగవాళ్ళంతా పెట్టారు. ఒక్క తోపు. బండి గట్టెక్కింది.

అందరూ ఇసుకలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతేనా? ఇంత చిన్న పనా? ఇన్నాళ్ళూ గట్టు మీద నిలబడి చూసింది దీనికా? ఆ రోజు పడినంత సిగ్గు ఆ ఊరు మళ్ళీ పడలేదంటారు.

ఇప్పుడు ఉప్పు బండ్లు లేవు. వాగు మీద వంతెన కట్టారు. బాట తారురోడ్డయింది. బస్సులు, లారీలు పోతుంటాయి. ఆ ఊళ్ళో ఎవరైనా ప్రయాణం పోతే, మొగుడు పోయిన ఆడకూతుర్ని పిలిచి, అమ్మా, ముందు నువ్వు ఎదురు రా అని అడుగుతారు. ఆమె మొహం చూసి కదులుతారు.

బడికి పోయే పిల్లలు, కూరలు మోసుకుపోయే ఆడవాళ్ళు, కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు, ఎంతటి పెద్దమనుషులైనా సరే, రోడ్డు అంచుకు రాగానే ఆగుతారు. ఆగి ఒక మాట అడుగుతారు.

"సంజమ్మా, రానా?"

అడిగి, బదులు కోసం నిలబడతారు. చెవి పెట్టి ఆలకిస్తారు. అటు చూస్తారు, ఇటు చూస్తారు. బదులు రాదని అందరికీ తెలుసు. అయినా నిలబడతారు. తొందరపడే పిల్లవాడి చెయ్యి పట్టి ఆపి, పెద్దవాళ్ళు ఒకటే మాట చెబుతారు.

"ఉండు నాయనా. ఆమె అడిగిననాడు మనమెవరమూ బదులు చెప్పలేదు. మనం అడిగినప్పుడు కాసేపన్నా ఎదురుచూడొద్దూ?"